స్పేడ్స్ అసెంబ్లర్: పని బాగుంది, మెమరీతోనే పేచీ

బాక్టీరియా జీనోమ్‌ను (దాని మొత్తం డీఎన్‌ఏను) ఇల్యూమినా యంత్రం చదివిచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో (రీడ్స్‌తో) కూర్చాలంటే 2012లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన స్పేడ్స్ అనే సాఫ్ట్‌వేర్‌కే మా మొదటి ఓటు. ఉచితం, కాంటిగ్‌లు (రీడ్స్ కలిపి కూర్చిన డీఎన్‌ఏ వరుసలు) పొడవుగా వస్తాయి. కాకపోతే ర్యామ్ విపరీతంగా తింటుంది, కూలినప్పుడు కారణం ముక్తసరిగా చెబుతుంది.

ముందు స్పేడ్స్ లాగ్ ఫైలు చివర్న ఎర్రర్ కోడ్ చూడండి. మైనస్ 9 ఉంటే దాదాపు ఎప్పుడూ ర్యామ్ నిండి లినక్స్ కెర్నెలో, క్లస్టర్ షెడ్యూలరో (ఉమ్మడి సర్వర్లలో పనులకు వనరులు పంచే ప్రోగ్రామ్) దాన్ని చంపేసినట్టే. కెర్నెల్ లాగ్‌లో 'కిల్డ్ ప్రాసెస్' అన్న వరుస దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు. మైనస్ 11 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (ముట్టకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ కూలడం). అప్పుడు టెస్ట్ ఆప్షన్‌తో స్పేడ్స్ వెంట వచ్చే చిన్న డేటా నడపండి. అదీ కూలితే ఇన్‌స్టలేషన్‌లోనే లోపం.

అందరూ తికమకపడేది మెమరీ ఆప్షన్ దగ్గర. అందులో మీరిచ్చే అంకె గరిష్ఠ హద్దు మాత్రమే, పెంచినంత మాత్రాన ర్యామ్ పుట్టుకురాదు. ఏమీ ఇవ్వకపోతే హద్దు 250 జీబీ దాకా ఉంటుంది. స్లర్మ్ అనే షెడ్యూలర్‌ను 64 జీబీ అడిగితే స్పేడ్స్‌కు 60 ఇవ్వండి. చాలకపోతే షెడ్యూలర్ నోరు నొక్కేలోపే కారణం చెప్పి ఆగుతుంది.

అసలు మందు డేటా తగ్గించడం. ఈ.కోలై జీనోమ్ సుమారు 46 లక్షల బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు). 100 రెట్ల కవరేజీకి (ఒక్కో బేసును సగటున 100 సార్లు చదవడానికి) 150 బేసుల జత రీడ్స్ 15 లక్షల జతల పైచిలుకు చాలు. వెయ్యి రెట్లు పోస్తే సీక్వెన్సింగ్ తప్పులే కొత్త కే-మర్లుగా (కే అక్షరాల పొడవున్న ముక్కలుగా) పోగుపడి, వాటిని కలిపే గ్రాఫ్ ఉబ్బిపోతుంది. సెక్‌టీకే అనే టూల్‌లోని శాంపిల్ కమాండ్‌తో తగ్గించేటప్పుడు రెండు ఫైళ్లకూ ఒకే సీడ్ (యాదృచ్ఛిక ఎంపికను మొదలుపెట్టే అంకె) ఇవ్వాలి, లేకపోతే జతలు చెదురుతాయి. కూలింది బేయ్స్‌హామర్ దశలో (రీడ్స్‌లో తప్పులు దిద్దే దశ) అయితే, రీడ్స్ ముందే శుభ్రం చేసి ఉంటే, ఓన్లీ-అసెంబ్లర్ ఆప్షన్‌తో ఆ దశనే దాటేయొచ్చు.

రెండు ఫైళ్లలో రీడ్స్ లెక్క సమానంగా లేదని ఆగితే ట్రిమ్మింగ్‌లో (నాణ్యత లేని భాగాలు కత్తిరించడంలో) ఒక వైపు రీడ్స్ మాత్రమే రాలిపోయి ఉండాలి, లేదా డౌన్‌లోడ్ సగంలో తెగి ఉండాలి. ఫైలు తెగిందో లేదో జీజిప్ టెస్ట్ తేల్చేస్తుంది. ఫ్రెడ్ ఆఫ్‌సెట్ (నాణ్యత స్కోర్లను ఫైల్లో అక్షరాలుగా రాసే పద్ధతిని చెప్పే అంకె) తెలియలేదంటే 33 అని చేత్తో ఇవ్వండి, ఇప్పటి ఇల్యూమినా డేటాకు అదే.

మెచ్చుకోవాల్సింది చెక్‌పాయింట్లను. ఒక్కో కే విలువ పూర్తికాగానే గుర్తు పెట్టుకుంటుంది. ఆగిన చోటి నుంచి నడిపే కంటిన్యూ ఆప్షన్ పాత సెట్టింగులతోనే సాగుతుంది కాబట్టి, మెమరీ మార్చాలంటే రీస్టార్ట్-ఫ్రమ్‌కు 'లాస్ట్' అని ఇవ్వాలి. ఐసొలేట్, కేర్‌ఫుల్ ఆప్షన్లు రెండూ కలిపి ఇస్తే మాత్రం మొదట్లోనే ఒప్పుకోదు.

పెద్ద మెటాజీనోమ్ (ఒకే నమూనాలోని అనేక జీవుల కలగలుపు డీఎన్‌ఏ), చిన్న సర్వర్ అయితే మెగాహిట్ అనే అసెంబ్లర్‌కు వెళ్లండి. కాంటిగ్‌లు కాస్త ముక్కలైనా, చాలా తక్కువ ర్యామ్‌తో పని ముగుస్తుంది.