ప్రామిపెక్సోల్: ఆరేళ్ల వాడకం తర్వాత మార్కులు ఎందుకు తగ్గాయి

మొదటి వారంలో ఈ మాత్రకు ఐదుకు ఐదు మార్కులు వేయాలనిపిస్తుంది. ఆరో ఏడు వచ్చేసరికి రెండున్నర వేయడానికి కూడా చెయ్యి రాదు. మాత్ర అదే, కంపెనీ మార్చినా తేడా ఏమీ ఉండదు. మారేది దానికి ఒళ్లు స్పందించే తీరు.

ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు రాసే మందు. మన ఇళ్లలో ‘కాళ్లు పీకుతున్నాయి’, ‘గుంజుతున్నాయి’ అనే మాటలు నాలుగైదు వేర్వేరు బాధలకు వాడతాం కాబట్టి, ముందు ఏది ఇది కాదో తేల్చుకోవాలి. అర్ధరాత్రి పిక్క పట్టేసి కండ రాయిలా బిగుసుకుంటే ఇది కాదు. పాదాల్లో మంటలు, తిమ్మిర్లు నడిచినా తగ్గకుండా పగలూ రాత్రీ ఉంటే, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు నరాల సంగతి చూపించుకోవాలి. నిద్ర పట్టబోతుండగా ఒక్కసారి ఒళ్లంతా ఉలిక్కిపడటం దాదాపు అందరికీ ఉండేదే, దానికి మందు అక్కర్లేదు. కలలో కొట్లాడుతున్నట్టు కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసరడం పూర్తిగా మరో జబ్బు. యాభై దాటినవాళ్లలో అది పార్కిన్సన్స్‌కు ముందస్తు సూచన కావచ్చు కాబట్టి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే.

రెస్ట్‌లెస్ లెగ్స్‌లో నొప్పి కంటే కాలు కదపక తప్పదన్న తహతహ ముఖ్యం. కూర్చున్నా పడుకున్నా మొదలవుతుంది, లేచి నడిస్తే నడిచినంతసేపూ తగ్గుతుంది, పొద్దుగూకాక ముదురుతుంది. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న గంటలు నరకం, గేటు తీసి క్యూ కదిలితే హాయి. ఈ జబ్బున్నవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది దాకా నిద్రలో కూడా కాళ్లు ఎగరేస్తారు. బొటనవేలు పైకి లేస్తుంది, చీలమండ, మోకాలు కాస్త మడతపడతాయి, 5 నుంచి 90 సెకన్ల ఎడంతో అదే వరస. అది పక్కన పడుకున్నవాళ్లు చెప్పాల్సిందే. చేతికి కట్టుకునే స్మార్ట్‌వాచ్ కాలి సంగతి ఏం చెబుతుంది? ల్యాబ్‌లో చేసే నిద్ర పరీక్షలో మోకాలి కింద, ముందువైపు కండ మీద ఎలక్ట్రోడ్లు అతికించి లెక్కపెడతారు. గురక కోసం ఇంటికిచ్చే కిట్లలో మామూలుగా అవి ఉండవు. ఆ మాటకొస్తే రెస్ట్‌లెస్ లెగ్స్ నిర్ధారణకు నిద్ర పరీక్షే అక్కర్లేదు, అడగాల్సిన ప్రశ్నలు అడిగితే చాలు.

ఇక వాడకం. డాక్టరు మొదలుపెట్టేది 0.125 మిల్లీగ్రాములతో, రాత్రికి ఒక్కటి. చాలామంది చేసే తప్పు పక్క మీదికి చేరాక వేసుకోవడం. మందు రక్తంలో గరిష్ఠానికి చేరడానికి రెండు గంటలు పడుతుంది కాబట్టి పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందే వేసుకోవాలి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది గానీ పనిచేయడం ఇంకో గంట ఆలస్యమవుతుంది. మొదటి రోజుల్లో పక్క మీంచి గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఇది కిడ్నీల గుండా బయటకు పోయే మందు, వాటి పనితీరు తగ్గినవాళ్లకు మోతాదు వేరుగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాల్సిన సంగతి ఒకటుంది: పేకాట, ఆన్‌లైన్ పందేలు, అవసరం లేని కొనుగోళ్ల మీద ఉన్నట్టుండి యావ పుడితే అది బుద్ధి చెడటం కాదు, మందు ప్రభావం. వాడేవాళ్లకు అది తెలియదు, చూసేవాళ్లకే తెలుస్తుంది.

అసలు గొడవ ఆగ్మెంటేషన్. అంటే ఏ జబ్బుకు వాడుతున్నామో ఆ జబ్బునే మందు పెంచడం. రాత్రి పదికి మొదలయ్యే తహతహ ఎనిమిదికి, తర్వాత ఆరుకి, చివరికి మధ్యాహ్నం భోజనమయ్యాకే మొదలవుతుంది. కాళ్లకే ఉన్నది చేతులకు పాకుతుంది. కుర్చీలో అరగంట కూర్చోగలిగినవాళ్లు ఐదు నిమిషాలు కూర్చోలేరు. దీన్ని ‘మందు చాలడం లేదు’ అనుకుని మోతాదు పెంచితే కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత ఇంకాస్త ముందుకు జరుగుతుంది. 2014లో వెలువడిన ఒక ఏడాది పరీక్షలో 0.5 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో 7.7 శాతానికి, 0.25 వాడినవాళ్లలో 5.3 శాతానికి, దాని బదులు మరో కోవ మందు ప్రీగబాలిన్ 300 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో 2.1 శాతానికి ఇది కనిపించింది. అది ఒక్క ఏడాది లెక్క. వాడే ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2025 మార్గదర్శకాల్లో, మెదడులోని డోపమైన్ అనే రసాయనంలా పనిచేసే ఈ కోవ మందులను మామూలు వాడకానికి వద్దని చెప్పడానికి ముఖ్య కారణం ఇదే. క్యాలెండరులో రోజూ ‘ఎన్నింటికి మొదలైంది’ అన్న ఒక్క అంకె రాసుకుంటే నెలల్లోనే పట్టుబడే సంగతిని మనం ఏళ్లు పోయాక పట్టుకుంటాం.

ఈ మాత్ర కన్నా ముందు జరగాల్సింది ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష. డోపమైన్ తయారీకి మెదడులో ఇనుము కావాలి. హిమోగ్లోబిన్ 13 ఉన్నా ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. ల్యాబ్ రిపోర్టులో 20 పక్కన ‘నార్మల్’ అని ఉంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఈ జబ్బులో కావాల్సిన గీత వేరు: ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండిందన్న లెక్క) 20 శాతం లోపు ఉన్నా ఇనుము ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. పరీక్షకు పొద్దున పరగడుపున వెళ్లాలి, ముందు రోజు ఐరన్ మాత్ర మానాలి. జ్వరంలో చేయిస్తే ఫెరిటిన్ దొంగ లెక్క చూపిస్తుంది, పెరిగి కనబడుతుంది. మాత్రను నిమ్మరసంతో వేసుకుని, టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలను రెండు గంటల దూరంలో ఉంచాలి. రోజు విడిచి రోజు వేసుకుంటే మెరుగ్గా ఒంటబడుతుంది. ఫలితానికి మూడు నెలలు పడుతుంది. నోటి మాత్రలు పడనివాళ్లకు, నిల్వలు పెరగనివాళ్లకు సెలైన్‌లో ఎక్కించే ఇనుము మందు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఉంది, ఆసుపత్రిలోనే తీసుకోవాలి. ఇవేవీ చూడకుండా ‘కాళ్లు పీకుతున్నాయి’ అనగానే కాల్షియం, బీ కాంప్లెక్సు చేతిలో పెట్టే అలవాటు ఎప్పటికి పోతుందో.

రెండో పని ఇంట్లోని మందుల డబ్బా సోదా. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దురదకిచ్చే ఫెనిరమిన్, కళ్లు తిరిగితే వేసుకునే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ తహతహను రెచ్చగొడతాయి. గ్యాస్ మాత్రల స్ట్రిప్ వెనక ‘లెవోసల్పిరైడ్’ అని ఉందేమో చూడండి. అది డోపమైన్‌ను అడ్డుకునే మందు, అంటే ప్రామిపెక్సోల్ చేసే పనికి సరిగ్గా ఎదురు. రెండూ ఒకే రాత్రి మింగుతున్నవాళ్లు తక్కువేం కాదు. గ్యాస్‌కు ఏళ్ల తరబడి వాడే పాంటాప్రజోల్ ఇనుము ఒంటబట్టడాన్ని కూడా తగ్గిస్తుంది. డిప్రెషన్ మందుల్లోనూ కొన్ని ఇలాంటివే. వాటిని మాత్రం సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరునే అడగాలి.

ఆగ్మెంటేషన్ వచ్చాక బయటపడటం కష్టమే. ఒక్కసారిగా ఆపితే నాలుగైదు రాత్రులు కన్ను మూతపడదు, దిగులు, ఆందోళన కమ్ముకుంటాయి. డాక్టర్లు మామూలుగా ముందు ప్రీగబాలిన్ గానీ గాబాపెంటిన్ గానీ చేర్చి, అది పనిచేయడం మొదలయ్యాక దీన్ని 0.125 చొప్పున మెట్లు మెట్లుగా దించుతారు. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని రాత్రులు పోతాయని ముందే అనుకుని, సెలవులు చూసుకుని మొదలుపెట్టడం మేలు. ప్రీగబాలిన్ కూడా సుఖమేం కాదు: తూలు, పాదాల వాపు, నెలల్లో పెరిగే బరువు. వయసు మళ్లినవాళ్లు బాత్రూమ్‌కు లేచినప్పుడు పడిపోయే ప్రమాదముంది. అయినా వేళ ముందుకు జరిగే ముప్పు తక్కువన్న భరోసా పెద్దది.

రోజూ కాకుండా, నెలకు ఒకటి రెండుసార్లు వచ్చే రాత్రి బస్సుకో, పిల్లల దగ్గరికి డల్లాస్ వెళ్లే విమానానికో డాక్టరు సమ్మతితో ఒక్క 0.125 ఉంచుకోవడానికి మాత్రం దీనికి ఇప్పటికీ నాలుగు మార్కులు. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. ఐరోపా పెట్టెల మీద 0.088 అని ఉంటే కంగారు పడొద్దు. మన 0.125 అన్నది మందు కలిసి ఉన్న రసాయన లవణం (సాల్ట్) మొత్తం బరువు, వాళ్లది అందులోని అసలు మందు బరువు, మాత్ర ఒకటే. 0.25కి అక్కడ 0.18 అని ఉంటుంది.