లాగోస్‌లో కాపురం: ఐలాండా, మెయిన్‌ల్యాండా?

నైజీరియాలోని లాగోస్‌కి ఉద్యోగం వచ్చిందనగానే అందరూ అడిగేవి రెండే: జీతమెంత, మలేరియా సంగతేంటి? ఇల్లు ఎటువైపు తీసుకుంటున్నారని ఎవరూ అడగరు. నాలుగేళ్ళలో మేం రెండువైపులా కాపురం చేశాం. ఏడాదిన్నర లెక్కీలో, మిగతాదంతా ఇకేజాలో.

నీళ్ళకు అటు ఐలాండ్ వైపు: విక్టోరియా ఐలాండ్, ఇకోయి, లెక్కీ. ఇటు మెయిన్‌ల్యాండ్: ఇకేజా, ఇలుపేజు, సురులేరే. మధ్యలో థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జ్, పొడవు 11.8 కిలోమీటర్లు. ఆదివారం పొద్దున్నే అయితే చిటికెలో దాటేస్తాం. లెక్కీలో ఉన్నప్పుడు మామూలు రోజుల్లో మా ఆయన పొద్దున ఐదున్నరకు ఇకేజాలోని ఫ్యాక్టరీకి బయల్దేరితే, రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరేవారు కాదు. ఇక్కడ ట్రాఫిక్ జామ్‌ని గో-స్లో అంటారు. నిజానికి అందులో గో ఏమీ ఉండదు.

లెక్కీ బాగుండదని కాదు. సముద్రం దగ్గర, హోటళ్ళు ఎక్కువ, సాయంత్రం ఎస్టేట్ గేటు లోపల నడవడానికి రోడ్లుంటాయి. అద్దె మాత్రం ఎక్కువ, అదీ ఏడాదిది ఒకేసారి కట్టాలి. కొందరు ఓనర్లు డాలర్లలో అడుగుతారు. ఇక్కడి డబ్బు నైరా. 2023 జూన్‌కి ముందు డాలరుకు 460 నైరాల దగ్గరుండేది, మరుసటి ఏడాదికి 1500 దాటింది. జీతం నైరాల్లో వస్తుంటే డాలరు అద్దె జోలికి వెళ్ళకండి.

కరెంటు రెండుచోట్లా టెన్షనే. మంచి లైన్ మీద ఇల్లు దొరికితే రోజుకు 20 గంటలు ఇస్తామంటారు, దాన్ని బ్యాండ్ ఏ అంటారు. 2024 ఏప్రిల్‌లో ఆ బ్యాండ్‌కి యూనిట్ 68 నైరాల నుంచి ఒక్కసారిగా 225 చేశారు. ఐలాండ్‌లో అపార్ట్‌మెంట్ అంతటికీ పెద్ద జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఖర్చు మన నెత్తిన వేస్తారు. ఇకేజాలో మా వెనక సందులో చిన్న చిన్న పెట్రోల్ జనరేటర్లు. వాటి ముద్దుపేరు ‘ఐ బెటర్ పాస్ మై నైబర్’, అంటే పక్కింటోడి కంటే నేనే నయం అని! కరెంటు రాగానే పిల్లలంతా ‘అప్ నేపా’ అని అరుస్తారు. నేపా అనే పాత కరెంటు సంస్థ పోయి ఎన్నో ఏళ్ళయింది, కేక మాత్రం పోలేదు. మొదటిసారి విన్నప్పుడు మా ఊళ్ళో కరెంటొచ్చిందోయ్ అని మేం గెంతినవి గుర్తొచ్చాయి.

నా మటుకు తేడా అంతా పగటిపూటే. డిపెండెంట్ కాగితాల మీద వచ్చాను కాబట్టి ఉద్యోగం చేసే వీల్లేదు. లెక్కీలో పొద్దున ఐదున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా నేనూ, ఏసీ చప్పుడూ. కూరగాయలు కూడా సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టినవే. ఇకేజాకి మారాక మైల్ 12 మార్కెట్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ బొబ్బర్లు డెరికా లెక్కన కొలుస్తారు. డెరికా అంటే పాత టమాటా పేస్ట్ డబ్బా, మన సోల, తవ్వ లాగన్నమాట. అంతకంటే పెద్ద కొలత పెయింట్ బకెట్. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకరినొకరు ‘కస్టమర్’ అనే పిలుచుకుంటారు. కొలిచాక ‘జారా’ అని చెయ్యి చాపాలి. జారా అంటే కొసరు. చాపకపోతే నన్ను అమాయకురాలి కింద జమకడతారు.

ఓసారి గోనెసంచిలో ముదురు ఎరుపు ఎండుపూలు కనబడితే, నోట్లో వేసుకుని చూశాను. అచ్చం గోంగూర పులుపు. గోంగూర జాతిదే, ఇక్కడ జోబో అనే షర్బత్ కాస్తారు. ఆ పూలు నానబెట్టి, అటా రోడో మిరపకాయ ఒక్కటంటే ఒక్కటే వేసి పచ్చడి చేశాను. మా ఆయన గుంటూరు మనిషి. రెండో ముద్దకే నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

పిల్లల్ని సీబీఎస్ఈలో వెయ్యాలన్నా ఇలుపేజులో ఇండియన్ లాంగ్వేజ్ స్కూల్ ఉంది, అది ఇటువైపే. ఫ్యాక్టరీ ఉద్యోగమై, ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండేటట్టయితే మెయిన్‌ల్యాండే తీసుకోండి. ఆఫీసు విక్టోరియా ఐలాండ్‌లో అయితే లెక్కీ తప్పదు. అప్పుడు ఇల్లు మాత్రం జూన్ వానల్లో చూడండి. మాకు డిసెంబరులో చూపించారు. జూన్‌లో గేటు దగ్గర మోకాలి లోతు నీళ్ళు.