కమోడు బ్రష్షు, దాని స్టాండు: రెండు కొన్నాక తేలిన సంగతి

అనంతపురంలో మా ఇంటికి బోరు నీళ్లే ఆధారం కాబట్టి, కమోడు లోపల నీటి గీత దగ్గర తెల్లటి ఉప్పు పొర వారం తిరక్కుండానే పేరుకుంటుంది. బ్రష్షు కొనేటప్పుడు ఆలోచించవలసింది ఈ పొర గురించే అయినా, నేను గోడకు అంటించుకునే సిలికాన్ బ్రష్షు అందానికి మురిసి దాన్నే తీసుకున్నాను. దానికి మురికి అంటుకోదు, ఒక్కసారి విదిలిస్తే ఆరిపోతుంది. అంతవరకు వంక పెట్టలేను. అయితే మెత్తని ఆ పళ్లు ఉప్పు పొర మీద జారిపోయాయే తప్ప దాన్ని గీకలేకపోయాయి. జిగురు పట్టీ కూడా మూడో వారానికే తడి టైలు నుంచి ఊడి, స్టాండు అర్ధరాత్రి దభీమని పడితే, దొంగలనుకుని ఇంటిల్లిపాదీ లేచాం.

తర్వాత తెచ్చిన నైలాన్ బ్రష్షు సాదాసీదాగా ఉన్నా, యాసిడ్ క్లీనర్ పోసి పావుగంట నానబెట్టి రుద్దితే ఆ గీత మాయమైంది. కుచ్చును పట్టి ఉంచే మెలితీగ ఇనుముదైతే మాత్రం, వాడిన వెంటనే నీళ్లతో కడగకపోతే, ఆ క్లీనర్లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల తుప్పు పడుతుంది. బ్లీచింగ్ పౌడరును దానితో కలిపితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది కనుక ఆ రెండూ ఒకేసారి వాడరాదు.

స్టాండు విషయంలో నా పట్టింపు ఒక్కటే, అడుగున నీళ్లు నిలవకూడదు. ఇప్పటిదాని లోపలి గిన్నె విడిగా ఊడివస్తుంది. అయినా బ్రష్షును సీటు కింద నొక్కిపెట్టి, పది నిమిషాలు నీరు కారనిచ్చాకే అందులో ఉంచుతున్నాను.