మందుల చీటీ ఇలా ఉండాలి: తిరుపతిలో మేము వెళ్లే క్లినిక్

జ్వరమని డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక సూది, ఒక యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర, బలానికి విటమిన్ ఉండాల్సిందేనని, లేకపోతే సరిగా చూడలేదని అనుకునేవారు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. తిరుపతిలో మా కుటుంబం కొన్నేళ్లుగా వెళ్తున్న క్లినిక్‌లో ఆ పద్ధతి లేదు. ఒక ఫిర్యాదు కూడా ఉంది కనుక పేరు రాయడం లేదు.

గత వానాకాలంలో మా అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు డాక్టరుగారు రాసిన చీటీలో పారాసిటమాల్, ఓఆర్ఎస్ పొడి తప్ప మరేమీ లేవు. పాపను తూకం మీద నిలబెట్టి, బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, ఒక మోతాదుకూ మరో మోతాదుకూ ఆరు గంటల ఎడం ఉండాలని చీటీ మీదే రాసిచ్చారు. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఇవ్వకూడదని, వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుందని చెప్పి, జ్వరం వచ్చిన తొలి రోజుల్లోనే పనికొచ్చే ఎన్ఎస్1 అనే డెంగీ రక్తపరీక్షకు పంపారు. అజిత్రోమైసిన్ రాయమని నా భార్య అడిగితే, వైరస్ జ్వరానికి అది పనిచేయదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆచితూచి వాడవలసిన యాంటీబయాటిక్‌ల వర్గంలో చేర్చిందని ఓపికగా వివరించారు. అలాగని ఆయన యాంటీబయాటిక్‌లకు వ్యతిరేకి కారు. మా తమ్ముడికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు నమూనా తీయించి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టారు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది మా నాన్నగారి విషయం. అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచి వచ్చాక మోకాళ్లు వాచి, నొప్పులకు సూది వేయమని ఆయన పట్టుబట్టారు. డాక్టరుగారు ముందు పాత చీటీలు చూశారు. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నవారికి ఆ వయసులో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు తోడైతే మూత్రపిండాలపై భారం పడుతుందని, బీపీ కూడా పెరగవచ్చని చెప్పి, పైపూతకు జెల్, పారాసిటమాల్, ఐసు కాపడంతో సరిపెట్టారు. అదే చూపులో, ఎప్పుడో మరెవరో రాసిన పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్రను నాన్నగారు ఇంకా రోజూ పరగడుపున వేసుకుంటున్నారని గమనించి, ఇప్పుడు దాని అవసరం లేదని ఆపించారు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఆ మాత్రను ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉందని చెప్పి, ఆ పరీక్ష కూడా రాశారు. ఉన్న మందును తీసేయడానికి ఇంత శ్రద్ధ పెట్టే వైద్యులు అరుదు.

ఇక ఫిర్యాదు. చీటీలో అన్నీ బ్రాండు పేర్లే ఉంటాయి, అవి కింది అంతస్తులోని మందుల షాపులో తప్ప బయట సులభంగా దొరకవు. జనరిక్ పేర్లను, అంటే మందుల అసలు పేర్లను, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని అప్పటి భారత వైద్య మండలి 2016లోనే తన నియమావళిని సవరించింది. ఇంత ఆలోచించి మందులు ఎంచే వైద్యుడు ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చూపడం నాకు బాధగా ఉంది, ఎందుకంటే బీపీ, షుగరు మాత్రలు నెలనెలా కొనాల్సినవి. అడిగితే మాత్రం విసుక్కోకుండా మందు అసలు పేరు పక్కన రాసిస్తారు. ఆ చీటీతోనే మేము జన ఔషధి కేంద్రంలో చాలా తక్కువ ధరకు కొంటున్నాము. మొదటిసారి వెళ్లేవారు ఇంట్లో వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి, ఆయన మొదట అడిగేది అవే.