కారు స్టీరియోకు సొంత శబ్దాలు: చాలాకాలం వాడిన తర్వాత నా అభిప్రాయం

బెంగళూరు జె.సి. రోడ్డులో కొని బిగించుకున్న ఆండ్రాయిడ్ స్టీరియోను రోజూ మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఆఫీసు ప్రయాణంలోనూ, సెలవులకు అనంతపురం వెళ్లే దారిలోనూ వాడుతున్నాను. తెర గురించీ పాటల నాణ్యత గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి పోను. తెర తాకినప్పుడు వచ్చే టిక్కు, నోటిఫికేషన్ మోత వంటి సిస్టమ్ శబ్దాలను మార్చుకుని వాడిన అనుభవాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్ వాడేటప్పుడు కళ్లు ఎలాగూ తెర మీదే ఉంటాయి, కారులో ఉండకూడదు. నొక్కిన బటన్ పడిందని చెవికి తెలిస్తే చాలు, సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఎడమవైపు నుంచి దూరే బైకు మీద నుంచి చూపు మరల్చే అవసరం రాదు. కంపెనీ ఇచ్చిన శబ్దాలు ఈ పనికి సరిపోలేదు. అన్నీ సన్నని కీచు శబ్దాలే, పైగా ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియదు.

ఆ లోపం మా నాన్నగారు కారు నడిపినప్పుడు బాగా బయటపడింది. అనంతపురం దారిలో బాగేపల్లి దాటాక, టైరులో గాలి తగ్గిందని యాప్ హెచ్చరిక మోగితే పక్కన కూర్చున్న నాకు వినిపించింది గానీ, "మోగిందారా? నాకేం వినపడలేదే" అన్నారాయన. వయసు పెరిగే కొద్దీ ముందుగా తగ్గేది సన్నగా కీచుమనే హెచ్చు స్థాయి శబ్దాలను వినే శక్తే. ఆ శబ్దం ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే శబ్దమంతా 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంది. అలాగని బాగా కిందికి దించినా లాభం లేదు, ఎందుకంటే టైర్ల రొద, ఇంజిన్ హోరు ఎక్కువగా 1,000 హెర్ట్జ్ లోపలే ఉండి దాన్ని మింగేస్తాయి. చివరికి 1,500 ప్రాంతంలో ఉండే వీణ మీటును ఎంచుకున్నాను. ఇప్పుడు అది ఇద్దరికీ స్పష్టంగా వినిపిస్తోంది. గుడిగంట కూడా పెట్టి చూశాను గానీ, దాని మోత ఎంతకీ ఆగక పాటలో కలిసిపోయింది.

టిక్కు కోసం మట్టికుండ అంచు మీద గోటితో కొట్టి ఫోన్‌లో రికార్డు చేశాను. పొడిగా, పొట్టిగా ఉండే ఆ శబ్దం వీధిలోని ఏ హారన్‌నూ పోలదు. ఈ చివరి గుణం చాలా ముఖ్యం. కారు స్పీకరులోంచి హారన్ లాంటి మోత వస్తే ట్రాఫిక్‌లో ఉలిక్కిపడక తప్పదు.

నోటిఫికేషన్ శబ్దం మార్చడం సులభం. ఓజీజీ (ఒక రకం ఆడియో) ఫైలును స్టోరేజీలోని నోటిఫికేషన్స్ ఫోల్డరులో వేసి రీస్టార్ట్ చేస్తే సెట్టింగ్స్ జాబితాలోకి వస్తుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్‌లోని వేర్వేరు రకాల నోటిఫికేషన్లకు వేర్వేరు శబ్దాలు పెట్టుకోవచ్చు కాబట్టి, టైర్ల హెచ్చరికకు మాత్రమే వీణ మీటు ఉంచి, మిగతా వాటిలో చాలావాటికి శబ్దమే తీసేశాను. టిక్కు మార్చాలంటే మాత్రం రూట్ చేయాలి, అంటే సిస్టమ్ ఫైళ్లను మార్చే పూర్తి అధికారం సంపాదించాలి, అది సిస్టమ్ విభాగంలో ఉంటుంది గనుక. వారంటీ ఉన్నంతకాలం ఆ పని చేయవద్దనే నా సలహా.

ఇంకొక చిక్కు ఉంది. పాట ఆగి ఉన్నప్పుడు ఈ స్టీరియో ఆంప్లిఫయర్‌ను (శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే భాగాన్ని) మ్యూట్ చేస్తుంది. అది మళ్లీ తెరుచుకునే లోపు శబ్దం మొదటి భాగం పోతుంది. వీణ మీటుకు ముందు 0.2 సెకను నిశ్శబ్దం చేర్చితే ఆ ఇబ్బంది తీరింది. టిక్కుకు ఈ ఉపాయం పనికిరాదు. వేలు తీశాక ఆలస్యంగా వినిపించే టిక్కు, బటన్ పడలేదేమోననిపించి రెండోసారి నొక్కిస్తుంది. అందుకే పాట లేనప్పుడు మొదటి టిక్కు ఇప్పటికీ వినిపించదు. ఈ ధరకు అమ్మే యూనిట్‌లో ఇలాంటి లోపం ఉండకూడదు.

2019 జులై నుంచి కొత్త కార్లలో తప్పనిసరైన వేగ హెచ్చరిక, అంటే 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగేది, నా కారులో మీటర్ డ్యాష్‌బోర్డు నుంచే వస్తుంది; స్టీరియోతో దానికి సంబంధం లేదు, మార్చాలని చూడకూడదు కూడా. మన శబ్దాలు దానిలా ఉండకుండా చూసుకోవాలి.

ఫర్మ్‌వేర్ (స్టీరియోలోని సిస్టమ్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా టిక్కు పాతదే అయిపోతుంది. కుండ శబ్దాన్ని కంపెనీ టిక్కు ఫైలుకున్న పేరుతోనే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుని, అప్‌డేట్ కాగానే మళ్లీ కాపీ చేసి, ఫైలు పర్మిషన్ 644గా (అంటే సిస్టమ్ ఆ ఫైలును చదవగలిగేలా) ఉందో లేదో చూసుకుంటున్నాను.