పాత కన్వర్టిబుల్‌లో లాంగ్ టూర్: ఎంజీబీ, బెంజ్ ఎస్‌ఎల్, మియాటా.. ఏది మేలు?

టూర్ కోసం పాత కన్వర్టిబుల్ (పైకప్పు, అంటే టాప్, మడిచేయగలిగే కారు) కొందామనుకునేవాళ్లలో ఎక్కువమంది టాప్ తీసిన ఫొటో చూసి మనసు పారేసుకుంటారు. నేనైతే టాప్ వేసి చూడమంటాను. టాప్ వేసి ఉన్న ఆ కారులో మూడు నాలుగు గంటలు కూర్చోగలరా లేదా అన్నదే అసలు పరీక్ష. ఎందుకంటే వారం పది రోజుల ప్రయాణంలో టాప్ తీసి హాయిగా నడిపేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, అదీ చిన్న రోడ్ల మీద, కొండ దారుల్లో. మిట్టమధ్యాహ్నం నెత్తి మాడిపోతుంది, హైవే మీద 100 దాటితే గాలి హోరుకి పక్క సీట్లోవాళ్ల మాట వినపడదు, ఇక వాన సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇద్దరు మనుషులు, కొంత హైవే, మిగతాదంతా ఘాట్ రోడ్లు అనుకుని మూడు కార్లు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఎంజీబీ రోడ్‌స్టర్, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 దాకా వచ్చింది, 1,798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, చాలావాటిలో రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించేవి). దీన్ని ఇష్టపడటానికి నాకున్న పెద్ద కారణం, ఇది ఎందుకు ఆగిపోయిందో మామూలు మనిషి కూడా కనిపెట్టగలడు. పాయింట్స్, కండెన్సర్, రోటార్ ఆర్మ్ లాంటి ఇగ్నిషన్ భాగాలు, ఫ్యాన్ బెల్ట్, ఒక హోస్, నాలుగు క్లాంపులు, కొన్ని ఫ్యూజులు డిక్కీలో పడేసుకుంటే దారిలో వచ్చే సమస్యల్లో చాలావరకు రోడ్డు పక్కనే తేలిపోతాయి. వెనకవైపు ఉండే ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు లోపలి కాంటాక్టులు పట్టేసి ఆగిపోతే మెల్లగా రెండు దెబ్బలు తట్టితే మళ్లీ టిక్ టిక్ మంటుంది, ఇది ఎంజీబీ నడిపేవాళ్లందరికీ తెలిసిన చిట్కానే. విడిభాగాల కరువు అసలే లేదు, 1988 నుంచి ఈ కారుకి కొత్త బాడీషెల్లే తయారవుతోంది.

కానీ కొనేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేర్ లాంటిది) ఉన్నదే కొనండి, ఈ విషయంలో రాజీ పడొద్దు. అది లేకుండా నాలుగో గేర్‌లో 100 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ నిమిషానికి 3,500 చుట్ల దగ్గర తిరుగుతుంది, ఓవర్‌డ్రైవ్ వేస్తే 2,850 దగ్గరికి దిగుతుంది. ఆ తేడా ఒక గంటలో పెద్దగా తెలియదు, మూడో గంటకి తలనొప్పి రూపంలో తెలుస్తుంది. ఇంకొకటి, 1974 చివర్లో వచ్చిన రబ్బర్ బంపర్ల కార్లు అమెరికా నిబంధనల కోసం కాస్త ఎత్తు పెంచినవి, మలుపుల్లో ఎక్కువ ఒరుగుతాయి. ఘాట్ రోడ్ల కోసమే వెళ్తున్నవాళ్లకి అంతకుముందు కారే మంచిది, లేదంటే సస్పెన్షన్ సరిచేయించినది చూసుకోండి. టాప్ వేశాక మాత్రం లోపల ఇరుకు, గోల ఎక్కువ, గట్టి వానలో అద్దాల అంచుల నుంచి ఎక్కడో ఒకచోట నీళ్లు వస్తాయి. అందుకే ఇది పొడి కాలంలో, చిన్న రోడ్ల మీద, రోజుకి తక్కువ దూరం పెట్టుకునేవాళ్ల కారు.

రెండోది బెంజ్ ఎస్‌ఎల్, ఆర్107 అంటారే, అది. 1971 నుంచి 1989 దాకా వచ్చింది. టాప్ వేసి కూర్చోవడం అనే నా పరీక్షలో ఇదే ఫస్ట్. బరువు టన్నున్నర పైమాటే, అందుకే హైవే మీద కుదురుగా పోతుంది, గుడ్డ టాప్ బాగా బిగుతుగా కూర్చుంటుంది, దించేశాక ఒక మెటల్ మూత కింద పూర్తిగా దాక్కుంటుంది. దీంతో వచ్చే, విడిగా తీసి పెట్టే గట్టి టాప్‌ని (హార్డ్‌టాప్) ఎత్తడానికి ఇద్దరు కావాలి, అందుకని ఇంటి దగ్గరే టాప్ సంగతి తేల్చుకుని బయల్దేరాలి. లగేజీకి కూడా మూడింట్లో ఇదే మెరుగు, డిక్కీ పెద్దది, సీట్ల వెనక కూడా చోటుంటుంది.

ఇంత మంచి కారుకి నేను మొదటి ఓటు ఎందుకు వెయ్యడం లేదంటే, ఆగిపోతే మన చేతిలో ఏమీ ఉండదు. చాలా ఏళ్లు దీంట్లో వాడిన బాష్ కే-జెట్రానిక్ ఇంజెక్షన్ (కార్బ్యురేటర్ బదులు పెట్రోల్‌ని ప్రెజర్‌తో చిమ్మే ఏర్పాటు) మంచిదే, కానీ పెట్రోల్ ప్రెజర్ సరిగా నిలవకపోతే వేడి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అవ్వదు. అంటే పొద్దున చక్కగా బయల్దేరి, మధ్యలో టీకి ఆగి వచ్చాక సెల్ఫ్ కొడుతూ కూర్చోవడం. దాన్ని సరిగా చూడాలంటే ప్రెజర్ గేజ్ కావాలి, అది వాడటం తెలిసిన మెకానిక్ కావాలి. వీ8 ఇంజిన్లయితే కొండల్లో లీటరుకి ఆరేడు కిలోమీటర్లకే సిద్ధపడాలి. టూర్ వరకే అయితే ఆరు సిలిండర్ల 280 మోడల్ చాలు, నిజంగా చాలు. దీంట్లో ఎక్కువ కార్లు ఆటోమేటిక్, కాబట్టి ఘాట్ దిగేటప్పుడు లివర్ కిందికి దించి చిన్న గేర్‌లో పెట్టండి, అంత బరువుని బ్రేకుల మీదే ఆపుతూ పోతే అవి కాలిపోతాయి.

ఇక మాజ్దా ఎంఎక్స్-5, దీన్నే మియాటా అంటారు. 1989లో వచ్చింది కాబట్టి మొదటి తరంలో తొలి ఏళ్ల కార్లు ముప్ఫై ఏళ్లు దాటేశాయి, పాతకార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా చెప్పే వయసు లెక్కలో కూడా పడ్డాయి. ఇది క్లాసిక్ ఎలా అవుతుందని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, మొదటిసారి టూర్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం నేను చెప్పేది ఇదే. కాస్త అటూ ఇటూగా 950 కిలోల బరువు, 1.6 లీటర్ల ఇంజిన్, కార్బ్యురేటర్ గొడవ లేదు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. చినుకు పడితే రెండు క్లిప్పులతో సీట్లో కూర్చునే టాప్ వేసేయొచ్చు. ఈ ఒక్క సౌకర్యం వల్ల టాప్ తీసి తిరిగే సమయం పెరుగుతుంది, ఎందుకంటే మబ్బు పట్టినా టెన్షన్ ఉండదు. టాప్ దించే ముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీయడం మర్చిపోకండి, లేకపోతే మడత పడి పగులుతుంది. చలిలో అయితే ఇంకా తొందరగా.

చూడాల్సినవి రెండే. టాప్ పక్కన నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోతే నీరు తలుపుల కింద ఉండే బాడీ అంచుల్లో నిలిచి తుప్పు పడుతుంది, కొనేముందు అక్కడ వేలుపెట్టి చూడండి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. డిక్కీ చిన్నది, అందులోనే స్పేర్ టైరు, బ్యాటరీ. గట్టి సూట్‌కేసు పట్టదు, మెత్తటి బ్యాగులే తీసుకెళ్లాలి. పొడుగైనవాళ్లు ముందు అరగంట నడిపి చూసుకోవాలి.

ఏది కొన్నా టైరు పక్కన ముద్రించిన డాట్ కోడ్‌లో (తయారీ వివరాల గుర్తు) చివరి నాలుగంకెలు చూడండి, 2314 అంటే 2014లో 23వ వారం. పదేళ్లు దాటిన టైరు గీతలు ఎంత లోతుగా ఉన్నా టూర్‌కి పనికిరాదు. పాత కార్ల రబ్బర్ పైపుల్ని పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తినేస్తుంది, దానికి తట్టుకునేవి వేయించాకే బయల్దేరండి. గుడ్డ టాప్ ఉన్న ఏ కారులోనూ రాత్రి ఏ వస్తువూ ఉంచకండి, టాప్ కోయడానికి బ్లేడు చాలు. ఇన్సూరెన్సులో ఆగిపోయిన కారుని ఇంటిదాకా చేర్చే షరతు ఉందో లేదో చదవండి.

నా ఓటు మియాటాకి. స్పానర్ పట్టుకోవడం ఇష్టమైతే, తొందర లేని ప్రయాణమైతే ఎంజీబీ. రోజంతా హైవే మీదే గడిచేట్టుంటే, నమ్మకమైన మెకానిక్ ముందే అంతా చూసి పెట్టి ఉంటే ఎస్‌ఎల్.

పిల్లలు కూడా ఉంటే ఈ మూడూ వద్దు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కన్వర్టిబుల్ వెతకండి. కార్మన్ అనే జర్మన్ కంపెనీ దీన్ని 1949 నుంచి 1980 దాకా కట్టింది, నలుగురు కూర్చోవచ్చు, దళసరి టాప్, గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటర్ బాధ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు నెమ్మది, మడిచిన టాప్ వెనక చూపుకి అడ్డం. హైవే వదిలేసి చిన్న రోడ్లు పట్టుకుంటే పిల్లలు వెనక కూర్చుని అన్నీ చూస్తూ వస్తారు.