మా శాఖా గ్రంథాలయం: అమ్మ వెంట వెళ్లి చూసినవి

విజయవాడలో మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి డెబ్బై ఒక్కేళ్ల మా అమ్మ రెండేళ్లుగా వెళ్తోంది. సెలవు రోజైన శుక్రవారం మినహా, సాయంత్రం నాలుగింటికి తలుపులు తెరిచే వేళకు చేతిసంచిలో కళ్లజోడు, మంచినీళ్ల సీసా, తిరిగి ఇవ్వాల్సిన పుస్తకం పెట్టుకుని మెట్ల దగ్గర ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు సాయంత్రాలు ఎలా గడుస్తాయా అని ఆలోచించేవారికి పనికివస్తుందని, వారానికి రెండుసార్లు ఆమెకు తోడు వెళ్తూ నేను గమనించినవి రాస్తున్నాను.

సభ్యత్వానికి కట్టిన డిపాజిట్ స్వల్పం, అదీ మానుకున్నప్పుడు తిరిగి ఇచ్చేదే. గ్యాస్ పుస్తకం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు అన్నీ నాన్నగారి పేరు మీదే ఉన్న మా ఇంట్లో, ఈ సభ్యత్వ కార్డు ఒక్కటే అమ్మ పేరున వచ్చింది. దాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి గూట్లో దాచుకుంటుంది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది కాబట్టి, అక్కడికి వెళ్లడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

అమ్మ పుట్టిల్లు తెనాలి వైపు పల్లె. 1930లలో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు ఆ ప్రాంతపు కాలువ మీద నడిపించిన పడవ గ్రంథాలయం గురించి అమ్మమ్మ చెప్పగా విన్న అమ్మకు, పుస్తకం మన దగ్గరికి రావడం, మనం పుస్తకం దగ్గరికి పోవడం రెండూ సహజమైన విషయాలే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊళ్లో ఉంటూ గ్రంథాలయం గడప తొక్కకపోవడం తప్పని ఆమె గట్టిగా నమ్ముతుంది.

పాత నవలల విషయంలో ఈ గ్రంథాలయానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను ఎవరో ఓపిగ్గా విడదీసి, దారంతో కుట్టి, గోధుమరంగు అట్టలు వేసి బైండు చేయించిన సంపుటాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. వెనక అట్టకు అంటించిన గడువు చీటీ మీది ఊదారంగు తేదీ ముద్రలను అమ్మ వేలితో ఒక్కొక్కటీ తడుముతూ చదువుతుంది. ఒకసారి ఆగి, "చూడవే, పదకొండేళ్లుగా దీన్ని ఎవరూ తీసుకోలేదు, ఇప్పుడు నేనే ఇంటికి తీసుకెళ్తున్నాను" అంది. ఆ పుస్తకాన్ని ఆ రాత్రే మొదలుపెట్టింది. గ్రంథాలయాధికారి కూడా ఆమె అభిరుచి ఎరిగినవారు. "మామ్మగారూ, మీ పత్రిక వచ్చింది" అంటూ కొత్త సంచికను ఫ్యాన్ కింది కుర్చీ దగ్గర పెడతారు.

లోపాలు లేవని అనను. పై అరలు అందవు, ఎక్కడానికి చిన్న స్టూలైనా లేదు. స్త్రీలకు మరుగుదొడ్డి లేకపోవడం వల్ల అమ్మ గంటన్నర మించి కూర్చోలేకపోతోంది. వయసు మళ్లినవారు ఇంతమంది వచ్చే చోట ఇది క్షమించదగిన లోటు కాదు. కొత్త పుస్తకాలూ తక్కువే. అన్నిటికంటే బాధ కలిగించింది మరొకటి: నాలుగు రోజులు ఆసక్తిగా చదివిన ఒక నవలలో చివరి పదహారు పేజీలు లేవు. తర్వాత చదివేవారు మోసపోకూడదని అమ్మ కాగితం ముక్క మీద ఆ సంగతి రాసి, మొదటి పేజీకి గుండుసూదితో గుచ్చి, కౌంటరులో చెప్పి మరీ ఇచ్చింది. మూడు నెలల తర్వాత అదే అరలో, అదే గుండుసూదితో ఆ పుస్తకం మాకు మళ్లీ కనిపించింది.

అయినా నా సిఫార్సు మారదు. చేరదలచినవారు ఆధార్ నకలు, రెండు ఫొటోలు తీసుకుని పెద్దవాళ్లతో కలిసి సాయంత్రం వెళ్లండి, కార్డు మాత్రం వాళ్ల పేరునే తీసుకోండి. గురువారమైతే రెండు పుస్తకాలు తెచ్చుకోవడం మంచిది. మర్నాడు సెలవని అమ్మ ఎప్పుడూ అలాగే చేస్తుంది.